ఆ మాట మిమ్మల్ని ఏం అడుగుతోంది?

పాఠకుల ప్రశ్నలు – అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని పక్కన పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. ముగ్గురిదీ ఒకటే బాధ. మంచికే అన్న మాట ఎందుకు గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే ఏం చేయాలి అని. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగతా ఇద్దరూ అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది హన్మకొండ. నాకు 29 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెప్తాను. పెళ్ళయి మూడేళ్ళు. మొదటి ప్రెగ్నెన్సీ దసరా అయిన కొద్ది రోజులకు, పదకొండో వారంలో పోయింది. ఎనిమిదో వారం స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం చూపించారు. రెండోసారి వెళ్తే లేదన్నారు. ఇప్పటికి నాలుగు నెలలు.

ఆ బాధ ఒక ఎత్తు, తర్వాత విన్న మాటలు ఒక ఎత్తు. మా చిన్నమ్మ వచ్చి, "పోనియ్ బిడ్డా, ఏదో లోపం ఉన్నట్టున్నది, అందుకే దేవుడు ముందే తీసుకున్నడు. మల్ల అయితది" అన్నది. పక్కింటి ఆంటీ, "రోజూ స్కూటీ మీద పోయినవ్ గదా, జర ఆగాల్సుండె" అన్నది. నా ఫ్రెండు, "కనీసం నీకు ప్రెగ్నెన్సీ వస్తుందని తెలిసింది కదా, పాజిటివ్‌గా తీసుకో" అని మెసేజ్ పెట్టింది. ఐదో రోజే స్కూలుకు వెళ్ళాను, ఎందుకంటే "డెలివరీ కాదు కదా, ఇంకెన్ని రోజులు?" అని ఫోన్ చేశారు. మా అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు. జావ కాచి తెచ్చి పక్కన పెట్టేది, నా కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని లేచి వెళ్ళేది. ఒక్క మాటైనా అనలేదని అప్పుడు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

మా ఆయన, "అందరూ నీ మంచికే అంటున్నరు, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నవ్" అంటారు. మొన్న బీరువా సర్దుతుంటే ఆ స్కానింగ్ ఫోటో ఆయన షర్టుల కింద కనబడింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను. వచ్చే నెల మా మరిది పెళ్ళి. చుట్టాలందరూ వస్తారు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. నేను నిజంగానే అతిగా ఫీలవుతున్నానా? వాళ్ళకేం చెప్పాలి?

జవాబు: అతి కాదమ్మా. గుండె కొట్టుకోవడం చూసిన తల్లి, కాన్పు ఏ నెలలో వస్తుందో వేళ్ళ మీద లెక్క వేసుకునే ఉంటుంది. మే నెల, స్కూలుకి సెలవులు కలిసొస్తాయి, ఆ ఉక్కపోతకు పసిబిడ్డ తట్టుకుంటుందా, కూలర్ కొనాలేమో అని ఆలోచించే ఉంటుంది. ఆ ఎండాకాలం మొత్తం మీ చేతిలోంచి పోయింది.

ముందు ఆ స్కూటీ సంగతి తేల్చేద్దాం. ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో 34 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి ఈ ఒక్కటీ గట్టిగా చెప్తాను. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం, పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల సంఖ్యలో తేడా రావడం. స్కూటీ ఎక్కినందుకు పోలేదు. మెట్లెక్కి క్లాసుకు వెళ్ళినందుకూ పోలేదు. ఎవరితోనో గొడవ పడినందుకూ, పండిన బొప్పాయి ముక్క తిన్నందుకూ కాదు. మంచం దిగకుండా పడుకుని ఉంటే నిలిచేదన్నదానికి కూడా రుజువు లేదు. గర్భం అని తెలిసిన వాళ్ళలో నూటికి పది నుంచి ఇరవై మందికి ఇలా అవుతుంది. మీ స్టాఫ్ రూములోనే ఇంకొకరికి అయి ఉండొచ్చు. చెప్పుకోరు కాబట్టి మీకు తెలియదు, అంతే.

ఇప్పుడు మీ చిన్నమ్మ మాట మళ్ళీ చదవండి. "ఏదో లోపం ఉన్నట్టున్నది" అన్నారావిడ. నేను పైన రాసిందీ దాదాపు అదే కదా. అయినా ఆవిడ మాట గుచ్చుకుంది. నాది కాస్త ఊరట ఇచ్చిందేమో. అంటే నొప్పి ఆ మాటలోని నిజంలో లేదు. చెప్పినవాళ్ళ మనసు మంచిదేనా అని వెతికినా అక్కడా దొరకదు, మీ చిన్నమ్మ మనసు మంచిదే. మరి ఎక్కడుంది? నాకు ఈ సంగతి ఒక అమ్మాయి నేర్పింది.

1991లో ఒక రాత్రి డ్యూటీ. మిరప కోతలకు వెళ్ళే అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ఆరో నెలలో బిడ్డ పోయింది. నేను సెలైన్ సీసా మారుస్తూ, "చిన్నదానివే, ఇంకా బోలెడు వయసుంది, మళ్ళీ పుడతారులే" అన్నాను. ప్రేమగానే అన్నాను. అప్పటికి ఆ మాట ఎంతమందితోనో అని ఉంటాను. ఆ అమ్మాయి నా వైపు చూసి, "పుడితే ఇంకో బిడ్డ పుట్టుద్దమ్మా. ఇది పుట్టదుగా" అంది. నాకు నోట మాట రాలేదు. సీసా మార్చి వచ్చేశాను. తెల్లవార్లూ ఆ మంచం వైపు వెళ్ళలేకపోయాను.

ఎందుకు వెళ్ళలేకపోయానా అని చాలా రోజులు ఆలోచించాను. నిజం ఏమిటంటే, ఆ అమ్మాయి ఏడుపు ఆగాలని నేను కోరుకున్నాను. నాకు చూడటం కష్టంగా ఉంది, ఇంకా ఆరు మంచాల పని మిగిలి ఉంది. పైకి ఓదార్పులాగా ఉన్న నా మాట లోపల ఆ అమ్మాయినే ఒక సాయం అడుగుతోంది: ఇక ఏడవకు, నా వల్ల కావడం లేదు. బిడ్డను పోగొట్టుకుని పడుకున్న మనిషిని నేను సాయం అడిగాను. అప్పటి నుంచి ఎవరి మాట విన్నా, నా నోట్లోంచి ఏ మాట వస్తున్నా, ఈ మాట ఎదుటి మనిషిని ఏం అడుగుతోంది అని చూసుకుంటున్నాను. అది తెలిస్తే, అడిగింది ఇవ్వాలా వద్దా అన్నది మన చేతిలోకి వస్తుంది.

మీ చిన్నమ్మ మిమ్మల్ని ఏడుపు ఆపమని అడుగుతున్నారు. "బిడ్డా" అని పిలిచే మనిషి మిమ్మల్ని అలా చూడలేరు. దాన్ని ప్రేమగా తీసుకోండి, ఏడుపు మాత్రం ఆపక్కర్లేదు. "చిన్నమ్మా, మళ్ళీ అయ్యేది తర్వాత చూద్దాం. ఇప్పుడు పోయినదాని గురించి నా దగ్గర కాసేపు కూర్చో" అనండి. ఆవిడ కూర్చుంటారు. ఆ వయసు వాళ్ళకు ఇలాంటప్పుడు ఏం అనాలో ఎవరూ నేర్పలేదు. ఏం చేయాలో మనం చెప్తే మాత్రం చేస్తారు, నేను చాలాసార్లు చూశాను.

ఫ్రెండుకు మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేసి చెప్పండి. "నువ్వు మంచికే అన్నావని తెలుసు. కానీ ఆ 'కనీసం' అన్న మాట నన్ను చాలా రోజులు ఏడిపించింది." మంచి స్నేహితురాలైతే ఇది తట్టుకుంటుంది.

పక్కింటి ఆంటీ అడిగింది వేరు. తప్పు నువ్వు మోయి అని అడుగుతోంది ఆ మాట. అది మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. ఇలా అనేవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కాదు. ఏదో ఒక కారణం దొరికితే, ఆ ఒక్కటీ చేయకుండా ఉంటే తన కూతురికి ఇలా కాదని ఒక ధైర్యం. ఆ ధైర్యం కోసం మీ స్కూటీని పట్టుకున్నారు. "డాక్టర్ని అడిగిన ఆంటీ, స్కూటీ వల్ల కాదన్నరు" అని ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పండి. వాదన వద్దు. ఆవిడ ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఆ వాక్యం మీ నోటితో బయటికి రావడం ముఖ్యం, అది మీ చెవులు వినాలి.

స్కూలు వాళ్ళ మాటకు జవాబు నోటితో కాదు, కాగితంతో చెప్పాలి. "డెలివరీ కాదు కదా" అన్నారు. చట్టం డెలివరీ కాకపోయినా ఆలోచించింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే, గర్భం పోయిన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవు అని రాశారు. 2025లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అది ఉంది. ఆసుపత్రి కాగితం చూపించాలి. మీ సెలవు గడిచిపోయింది, నిజమే. అయినా ఈ సంగతి మీ తోటి టీచర్లకు చెప్పి ఉంచండి. ఇంకొకరిని ఐదో రోజున క్లాసులో నిలబెట్టకుండా ఉంటారు.

ఇక మీ అత్తమ్మ. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. 1987లో నాకు ఐదో నెలలో బిడ్డ పోయింది. ఇంటికి తీసుకొచ్చాక పాలు పడ్డాయి. ఐదో నెలలో పోయినా కొందరికి పడతాయి, ఆ సంగతి నర్సుగా నాకు తెలుసు, అయినా జాకెట్టు తడిసినప్పుడు గోడకు చేరబడి ఏడ్చాను. మా అత్తగారు గబగబా తలుపు వేసి, "ఏడవమాకమ్మా, ఏడవమాకు" అన్నారు. వాకిట్లో వాళ్ళు వింటే పరువు పోతుందని అన్నారనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను. 2006లో ఆవిడ మంచాన పడ్డప్పుడు, ఒక రోజు తల దువ్వుతుంటే తనంతట తనే చెప్పారు. "నాకు రెండు పోయినయ్యే. ఏడిస్తే కడుపు నిలవదని మా అత్త అనేది. నేను ఏడ్చా కాబట్టే రెండోది కూడా పోయిందనుకున్నా. నీకట్టా కాకూడదని తలుపేశా."

ఆ రోజు ఆవిడ మీదున్న కోపం పూర్తిగా పోయింది. దువ్వెన పక్కన పెట్టి ఆవిడ చేతులు పట్టుకున్నాను. కానీ ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఆవిడ మనసు తెలిసినంత మాత్రాన, 1987లో ఆ గదిలో నేను ఏడవలేకపోయిన ఏడుపు నాకు తిరిగి రాలేదు. కోపం వేరు, నష్టం వేరు. మీ ఆయన "మంచికే అన్నారు" అన్నప్పుడు మీకు ఊరట రాకపోవడానికి కారణం ఇదే. మంచికే అన్నారన్నది కోపం తగ్గిస్తుంది. దెబ్బ తగల్లేదని చెప్పదు.

మీ అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నారని రాశారు. ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగలేదమ్మా. ఏడుపు ఆపమనలేదు, జవాబు చెప్పమనలేదు, జావ తాగావా అని కూడా అడిగినట్టు మీరు రాయలేదు. మీరు విన్న మాటలన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది ఆవిడ అనని మాట. ఏదో ఒక సాయంత్రం ఆవిడ దగ్గర కూర్చుని, "అత్తమ్మా, మీకెప్పుడైనా ఇట్లయిందా?" అని అడిగి చూడండి. కాకపోయి ఉండొచ్చు కూడా. అయినా అడగండి.

అసలు మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఒకటుంది, మీరు దాన్ని దాటేసి వెళ్ళిపోయారు. ఫోటో ఆయన షర్టుల కింద ఉంది. ఎవరు పెట్టారు? ఎక్కువ ఆలోచిస్తున్నావని మీతో అంటున్న మనిషే. మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు అందరూ భార్య దగ్గరికి వస్తారు. మగవాడిని "అమ్మాయిని బాగా చూసుకో" అని భుజం తట్టి వెళ్తారు. ఆయన్ని ఒక్కరు కూడా నువ్వెలా ఉన్నావని అడిగి ఉండరు. "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నవ్" అన్న మాట మిమ్మల్ని ఏం అడుగుతోందంటే, నాకు తోచినంతలో ఇది: నేను కూడా మొదలుపెడితే ఇల్లు ఎవరు చూస్తారు, కాబట్టి నువ్వు ఆగు. నేను తప్పు కావచ్చు. మీరే చూడండి. ఫోటో తీసి మంచం మీద పెట్టి, "ఇది నాకు కనబడింది" అని మాత్రం అనండి. తర్వాత ఆయన ఏమంటారో తొందర పెట్టకుండా వినండి. నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఇద్దరు వేరువేరుగా మోస్తున్నారు. చిన్నమ్మ, ఆంటీ, ఫ్రెండు, వీళ్ళందరి మాటల కన్నా ఈ ఒక్క సంభాషణ ముఖ్యం.

అది అయ్యాక పెళ్ళి సంగతి. "ఏమన్నా విశేషమా?" అని అడిగేవాళ్ళు ఉంటారు, తప్పదు. "ఉంటే నేనే చెప్తా కదా అత్తమ్మా" అని నవ్వకుండా, విసుక్కోకుండా చెప్పి, వెంటనే వాళ్ళ పిల్లల గురించి అడగండి. మీ ఆయన తరఫు వాళ్ళ ప్రశ్నలకు మీ ఆయనే జవాబు చెప్పాలి. ఇది ఆయనతో ముందే మాట్లాడుకోండి. పెళ్ళిలో ఎవరో ఒకరు, చెల్లెలో ఫ్రెండో, మీ పక్కనే ఉండేట్టు చూసుకోండి. వేరే ఎవరికో సీమంతం కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఒక్కసారైనా బతకడం ఎందుకు అనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రాత్రి పూటైనా సరే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సాయం నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనత్త వచ్చినప్పుడల్లా "కాస్త రంగు తేలితే నీకన్నా అందగత్తె ఎవరు" అంటుంది. ఈసారి మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చి ఇచ్చింది. అమ్మ "ప్రేమతో తెచ్చింది, రాసుకో" అంటోంది. నాకు ఏడుపొస్తోంది.

జవాబు: ముందు ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదువమ్మా. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఈ పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. తెల్లబరుస్తుందని ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలు వస్తాయి, మీసంలా వెంట్రుకలు వస్తాయి. చర్మ డాక్టరు రాయకుండా రాసుకోవద్దు. ఇప్పటికే కొన్ని వారాలుగా రాస్తుంటే, మానేసే పద్ధతి కూడా డాక్టరునే అడుగు. ఈ సంగతి అమ్మకు చూపించు, అమ్మ ఒప్పుకుంటుంది.

మీ అత్త మాట నిన్ను రంగు మార్చుకోమని అడుగుతోంది. ఆవిడ పెళ్ళిచూపుల్లో ఆవిడ రంగు గురించి ఎవరేమన్నారో మనకు తెలియదు. "అత్తా, నువ్వు నాకోసం గుర్తుపెట్టుకుని తెచ్చావు, అది సంతోషం. ముఖానికి మాత్రం రాయను. ఈసారి వచ్చేటప్పుడు నాకు గాజులు తే" అను. ఇవ్వాలనుకునే మనిషికి ఏం ఇవ్వాలో చెప్పడం మంచిది.

ప్రశ్న: అమ్మా, నేను ఏలూరులో ఉంటాను. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. నా ముప్పై ఏళ్ళ స్నేహితుడి భార్య రెండేళ్ళు క్యాన్సర్‌తో బాధపడి పోయింది. పరామర్శకు వెళ్ళి, "పోనీలేరా, ఆ తల్లికి బాధ నుంచి విముక్తి వచ్చింది" అన్నాను. వాడు నా చేయి వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. రెండు నెలలయింది, ఫోన్ ఎత్తడం లేదు. నా ఉద్దేశం చెడ్డది కాదని వాడికి ఎలా తెలియజేయాలి?

జవాబు: అన్నయ్యగారూ, మీ ఉద్దేశం ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి గురించి ఆ అనుమానం ఎవరికీ రాదు. ఆ రెండేళ్ళూ మందుల టైములు చూసుకున్నది, కీమోకి తీసుకెళ్ళింది, రాత్రుళ్ళు కూర్చున్నది ఆయన. ఆవిడ బాధపడుతూ అయినా ఇంకో నెల ఉంటే బాగుండునని ఆయన ఎన్నోసార్లు అనుకుని ఉంటారు, అలా అనుకున్నందుకు లోపల సిగ్గుపడి కూడా ఉంటారు. "విముక్తి" అన్న మాట సరిగ్గా అక్కడ తగిలింది. ఆసుపత్రిలో క్యాన్సర్ పేషెంట్ల భర్తలను చూసిన అనుభవంతో చెప్తున్నాను, చాలామంది ఈ సంగతి ఎవరికీ చెప్పుకోరు.

మీరు ఇప్పుడు వెళ్ళి "నా ఉద్దేశం అది కాదురా" అని మొదలుపెడితే, ఆయన మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. "ఫర్వాలేదులేరా" అనాలి. భార్య పోయిన మనిషిని మళ్ళీ మీరే అడుగుతున్నట్టు అవుతుంది. ఉద్దేశం సంగతి ఎత్తకండి. "ఆ రోజు నేనన్న మాట నిన్ను బాధపెట్టింది. అనకుండా ఉండాల్సింది" అనండి. అక్కడితో ఆగండి. ఆయన తిట్టినా వినండి. తిడితే ఇంకా మంచిది.

ఫోన్ ఎత్తడం లేదన్నారు కదా, ఫోన్ మానేయండి. పెద్దకర్మ రోజు ఇంటి నిండా జనం ఉండి ఉంటారు, ఇప్పుడు రెండో నెలలో ఎవరూ ఉండరు. సాయంత్రాలు మరీ కష్టం. ఇన్నేళ్ళూ ఆ సమయానికి ఆ ఇంట్లో కాఫీ కలిపింది ఆవిడ. అయిదింటికి వెళ్ళండి, ఆ దారిలో పాల ప్యాకెట్ ఒకటి తీసుకోండి. తలుపు తీస్తే నేరుగా వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసులు కాఫీ మీరే కలపండి. పంచదార డబ్బా ఎక్కడుందో తెలియకపోతే ఆయన్ని అడగండి. బహుశా ఆయనకూ తెలియదు, ఇద్దరూ కలిసి వెతకండి. ఆవిడ పేరు ఆయన ఎత్తితే మీరూ ఎత్తండి, పేరు పెట్టి మాట్లాడండి. మర్నాడు మళ్ళీ వెళ్ళండి.